ఎత్తు చేయు పనులు: ఉదయగిరి, వెలికొండల ప్రకృతి

నెల్లూరు జిల్లా అనగానే సముద్రతీరము, పెన్నానది మాగాణులు, వరిపంట మనకు స్ఫురించును. కాని ఆ జిల్లాకు మఱొక ముఖము కలదు. నెల్లూరు నుండి పడమరగా ప్రయాణము చేసి ఆత్మకూరు చేరునప్పటికి మాగాణులు పలుచబడి మెట్టచేలు, తుమ్మచెట్లు, రాతిగుట్టలు ఎదురగును. అచ్చటినుండి వాయవ్యముగా ఉదయగిరి వైపు సాగినచో ఆకాశపు అంచున నీలిగోడవలె ఒక కొండలవరుస కనబడును. అవియే వెలికొండలు. తూర్పుకనుమలలో భాగమైన ఈ వరుస ఉత్తర దక్షిణములుగా సాగి నెల్లూరు సీమను కడప సీమ నుండి వేఱు చేయుచున్నది. పెన్నానది సోమశిల యొద్ద ఈ గోడలోని సందు గుండ దూరి నెల్లూరు సీమలో ప్రవేశించును.

ఈ కొండల చెంతనే, ఊరిపై నిటారుగా లేచి నిలిచినది ఉదయగిరి దుర్గము. దాని శిఖరము సముద్రమట్టమునకు 3,079 అడుగుల, అనగా సుమారు 939 మీటర్ల ఎత్తున కలదు. హిమాలయములను ఎఱిగినవారికి ఇది కొండగనే తోపకపోవచ్చును. ఆంధ్రప్రదేశములోనే పాడేరు ప్రాంతపు శిఖరములు 1,600 మీటర్లు దాటినవి. అయినను, ఎండకు మాడు మైదానము నుండి ఒక్కుమ్మడిగా లేచుటచేత ఈ మాత్రపు ఎత్తు కూడ గాలిని, నీటిని, చెట్టును, మృగమును మార్చివేయుచున్నది. ఉదయగిరి కొండను, దానికి దక్షిణముగా పెంచలకోన వఱకు వ్యాపించిన అడవులను చూడబోవు ఉపాధ్యాయునకు, విద్యార్థికి ఈ మార్పులే ముఖ్యమైన పాఠము. శిఖరమును చేరుట ఒక సంతోషము. పాదము నుండి శిఖరము వఱకు కొండ ఎట్లు ఒకే యంత్రమువలె పనిచేయుచున్నదో తెలిసికొనుట అంతకంటె గొప్ప సంతోషము.

సూర్యునికి దగ్గరైనను చల్లనేల?

కొండ ఎక్కినవాడు సూర్యునికి కొంత దగ్గరగును గదా, మఱి అచ్చట వేడి ఎక్కువ కావలదా అని విద్యార్థులు తఱచు అడుగుదురు. సూర్యుడు మనకు సుమారు 15 కోట్ల కిలోమీటర్ల దూరమున ఉన్నాడు. ఆ దూరములో ఒక కిలోమీటరు తగ్గినంత మాత్రమున తేడా ఏమియు ఉండదు. అసలు కారణము వేఱు.

సూర్యకిరణములు గాలిని నేరుగా వేడిచేయుట తక్కువ. అవి ముందు నేలను వేడిచేయును. నేల తనను అంటియున్న గాలిని వేడిచేయును. వేడెక్కిన గాలి తేలికయై పైకి లేచును. పైకి పోయినకొలది దానిపై ఒత్తిడి తగ్గును, గనుక అది వ్యాకోచించును. వ్యాకోచించుటకు కావలసిన శక్తిని అది తన వేడిమి నుండియే ఖర్చుపెట్టును. అందుచే చల్లబడును. సైకిలు పంపుతో గాలి కొట్టునప్పుడు పంపు అడుగుభాగము వేడెక్కుట అందఱు ఎఱిగినదే. గాలిని నొక్కినచో వేడెక్కును, వదలినచో చల్లాఱును. కొండగాలి చేయుచున్నది ఈ రెండవ పనియే.

వాతావరణములో సగటున ప్రతి 1,000 మీటర్ల ఎత్తునకు ఉష్ణోగ్రత 6.5 సెంటిగ్రేడు డిగ్రీలు తగ్గునని లెక్కగట్టిరి. కొండ ఎక్కువాడు 700 మీటర్లు పైకి పోయెననుకొందము. అప్పుడు సుమారు నాలుగున్నర డిగ్రీల తేడా ఉండవలెను. మే నెలలో క్రింద 42 డిగ్రీలున్నచో పైన 37, 38 డిగ్రీలు ఉండును. ఈ తేడా చిన్నదిగా తోచవచ్చును. కాని అది నేల ఎంత త్వరగా ఆఱునో, ఆకు ఎన్నిదినములు పచ్చగ ఉండునో నిర్ణయించును.

ఒత్తిడిని గూడ విద్యార్థులు స్వయముగా పరీక్షింపవచ్చును. నీరు మరగు ఉష్ణోగ్రత ప్రతి వేయి అడుగులకు సుమారు ఒక డిగ్రీ తగ్గును. 3,000 అడుగుల ఎత్తున నీరు 100 డిగ్రీలకు మాఱుగా 97 డిగ్రీల యొద్దనే మరగును. బడి వెనుక తగిన గుట్ట ఉన్నచో ఒక మంచి ఉష్ణమాపకముతో అచ్చటనే ఈ ప్రయోగము చేయవచ్చును. అడవిలో మాత్రము నిప్పు రాజేయుట తగదు. దాని కారణము ముందు తెలియును.

ఎక్కువాని దేహము

ఉదయగిరి ఎత్తున గాలి ఒత్తిడి సముద్రతీరమున కంటె పదింట ఒకపాలు మాత్రమే తక్కువ. ఆరోగ్యవంతునకు ఈ తేడా తెలియదు. సాధారణముగా 2,500 మీటర్లు దాటిన పిదపనే పర్వతములపై కలుగు తలనొప్పి, వికారము వంటి బాధలు ఆరంభమగును. ఈ కొండపై ఆయాసమునకు కారణము పలుచని గాలి కాదు, ఎక్కుటలోని శ్రమయే. బాధ పెట్టునది దాహము.

దీనిని లెక్కవేసి చూడవచ్చును. 60 కిలోగ్రాముల బరువుగలవాడు 700 మీటర్లు ఎక్కినచో చేసిన పని 60 × 9.8 × 700, అనగా సుమారు 4,11,600 జౌళ్లు. ఇది దాదాపు 98 కిలోకేలరీలు. కాని మన కండరములు వాడుకొనిన శక్తిలో నాలుగింట ఒకపాలును మాత్రమే పనిగా మార్చగలవు. కావున ఎక్కుటకు సుమారు 400 కిలోకేలరీలు ఖర్చగును. అందులో 300 వేడిమిగా దేహములోనే మిగులును. ఈ వేడిని చెమట ఆవిరియగుటచేత దేహము బయటికి పంపును. ఒక లీటరు చెమట పూర్తిగా ఆవిరి యగునప్పుడు సుమారు 580 కిలోకేలరీలను గైకొనును. అనగా ఎక్కుట యను ఒక్క పనికే అరలీటరుకు పైగా నీరు కావలెను. మీద పడు ఎండను, ఆవిరి కాకయే కాఱిపోవు చెమటను, దిగుటకు పట్టు కాలమును కూడ లెక్కించినచో మనిషికి మూడు లీటర్లు ఎక్కువ కాదు.

మనిషి తన నీటిని సీసాలో మోసికొనిపోవును. ఎలుగుబంటికి, కణుజుకు, నెమలికి సీసా లేదు. వాటికి కావలసిన నీటిని కొండయే మోయవలెను. కొండ ఆ పనిని ఎట్లు చేయుచున్నదో ఇపుడు చూతము.

రెండు గాలుల నడుమ

జూను నుండి సెప్టెంబరు వఱకు వీచు నైఋతి ఋతుపవనము అరేబియా సముద్రము నుండి వచ్చును. పడమటి కనుమలపై అది తన తేమను చాలవఱకు కురిపించి, రాయలసీమను దాటి, వెలికొండల వెనుకవైపునకు చేరును. ఈ కొండలను దాటి తూర్పుగా దిగు గాలి నొక్కుకొనిపోయి వేడెక్కును. వేడెక్కిన గాలిలో మేఘము నిలువదు. అందుచే ఆ నెలలలో ఉదయగిరి, ఆత్మకూరు ప్రాంతములు వర్షచ్ఛాయలో పడును.

అక్టోబరు వచ్చునప్పటికి గాలి తిరుగును. ఈశాన్యపు గాలులు బంగాళాఖాతము మీదుగా తేమను, ఒక్కొక్కప్పుడు తుపానులను తెచ్చును. ఇపుడు వెలికొండల తూర్పుముఖమే గాలికి ఎదురు నిలుచును. కొండకు తగిలిన గాలి పైకి లేచును, లేచి చల్లబడును, చల్లబడి తేమను మేఘముగా, మంచుగా, వానగా విడుచును. ఒకే కొండ, ఒకే ముఖము నాలుగు నెలలు గాలికి చాటున ఉండి, మఱి మూడు నెలలు గాలికి ఎదురుగ నిలుచుట ఈ ప్రాంతపు విశేషము. నెల్లూరు సీమకు వర్షములో పెద్దపాలు అక్టోబరు, నవంబరు, డిసెంబరు నెలలలోనే వచ్చుచున్నది. తీరము నుండి పడమటికి పోయినకొలది ఆ పాలు తగ్గును. అందుకే ఉదయగిరి మెట్టసీమ తఱచు కఱవునకు గుఱియగుచుండును.

డిసెంబరు దాటిన తరువాత జూను వఱకు చెప్పదగిన వాన ఉండదు. మూడు నెలలలో కురిసిన నీటితో కొండ తక్కిన కాలమంతయు గడుపవలెను. సంపాదించుట ఎత్తు చేసిన పని. దాచుట మాత్రము రాయి, మన్ను, ఆకు కలిసి చేయవలసిన పని.

కొండ దాచిన నీరు

శ్రీకృష్ణదేవరాయలు గజపతుల అధీనములోనున్న ఉదయగిరి దుర్గమును 1513లో ముట్టడించెను. అంతటి సేన చుట్టుముట్టినను దుర్గము లొంగినది 1514లో గాని కాదు. దీనికి నిట్రమైన కొండచరియలు, కోటగోడలు కారణమని చరిత్ర చెప్పును. ప్రకృతిశాస్త్రము ఇంకొక కారణమును చేర్చవచ్చును. ముట్టడికి లోనైనవారు ధాన్యమును ముందుగా గాదెలలో నింపుకొనగలరు. వందలమంది నెలల తరబడి త్రాగు నీటిని ఏ గాదెలోను నింపలేరు. కొండపై నీరు లేనిచో ఏ గోడయు వారిని కాపాడజాలదు. కొండకోటలు కట్టినవారు అందఱు ముందుగా వెదకినది దొనను, ఊటను. తరువాతనే గోడ.

దొన అనగా రాతిలో ఏర్పడిన సహజమైన గుంట. వాననీరు దానిలో నిలిచి నెలల తరబడి ఉండును. ఇది కంటికి కనబడు నిలువ. కంటికి కనబడని నిలువ దీనికంటె ఎన్నో రెట్లు పెద్దది. వెలికొండలలో మిక్కిలి గట్టిదైన క్వార్ట్‌జైటు శిల విస్తారముగా కలదు. ఇసుకరాయి భూగర్భములో వేడికి, ఒత్తిడికి లోనై గట్టిపడగా ఏర్పడిన శిల ఇది. దీని గింజల మధ్య నీరు దూరదు. కాని శిల మడతపడి లేచునప్పుడు పడిన నెఱ్ఱెల గుండ నీరు దిగిపోవును. పలకరాయి వంటి మెత్తని, నీటిని సాగనీయని పొర అడ్డు తగిలినచోట ఆ నీరు ప్రక్కకు తిరిగి కొండ పగులులో ఊటగా వెలువడును. అట్టి ఊటలు గల లోయలనే ప్రజలు కోనలందురు. పెంచలకోన పేరులో గూడ ఆ మాటయే ఉన్నది. అచ్చటి నరసింహస్వామి క్షేత్రము నీటి ఒడ్డుననే వెలసినది.

నీరు నెఱ్ఱెలలోనికి దిగుటకు వ్యవధి కావలెను. బట్టతలవంటి రాతివాలుపై పడిన వాన నిమిషములలో జాఱిపోవును. అదే వాలుపై చెట్లున్నచో మొదట ఆకు వానదెబ్బను కాచును. రాలిన ఆకుల మెత్తటి పఱుపు నీటిని పీల్చి నిదానముగా వదలును. వేళ్లు, చెదపురుగులు, వానపాములు చేసిన సన్నని దారుల గుండ అది లోనికి ఇంకును.

ఉపాధ్యాయుడు దీనిని తరగతిలో సులభముగా చూపవచ్చును. రెండు వెడల్పైన రేకుపళ్లెములలో ఒకేరకపు మన్నును సమముగా పఱచి, రెండింటిని ఒకే వాలుగా నిలుపవలెను. ఒకదానిపై ఎండుటాకులు రెండంగుళముల మందమున కప్పవలెను. రెండవదానిని వట్టిగా విడువవలెను. రెంటిపైన ఒకే పరిమాణపు నీటిని జల్లెడ గుండ వానవలె పోసి, జాఱిన నీటిని గాజుపాత్రలలో పట్టవలెను. వట్టి మన్ను నుండి నీరు త్వరగా, బురదగా వచ్చును. ఆకులు కప్పిన మన్ను నుండి తక్కువగా, ఆలస్యముగా, తేటగా వచ్చును. మొదటి పాత్రలోని బురదయే కొండక్రింది చెఱువులను పూడ్చునది. రెండవ పళ్లెములో ఇంకిన నీరే వేసవిలో బావికి చేరునది.

అడవిలోని అంతస్తులు

నీరు, చలువ ఎత్తునుబట్టి మాఱుటచేత అడవియు అంతస్తులుగా ఏర్పడినది. కొండపాదమున చిట్టడవి. కలివి, రేగు, బలుసు, తుమ్మ, దేవదారి ఇచ్చట ముఖ్యమైనవి. వీటిలో అనేకమునకు ఆకు చిన్నది లేక దళసరిది. దానిచే నీరు తక్కువగా ఆవిరి యగును. ముండ్లు పశువుల నోటి నుండి కొంత కాపాడును.

దానికి పైన వాలులపై ఆకురాల్చు అడవి ఆరంభమగును. చిరుమాను, తపసి, కొండగోగు, బిక్కి, తునికి ఇచ్చటివి. ఎఱ్ఱచందనము ఈ అంతస్తునకు రాజు. దక్షిణపు తూర్పుకనుమలలో, ముఖ్యముగా కడప, చిత్తూరు, నెల్లూరు, కర్నూలు, ప్రకాశము సీమల కొండలలోనే అది సహజముగా పెరుగును. ప్రపంచములో మఱి ఏ ఖండమునను దానికి స్వస్థలము లేదు. చవుడు లేని రాతిమన్ను, వేడి, పొడి దానికి ఇష్టము. దాని చేవ నీటికంటె బరువైనది. నీటిలో వేసినచో మునుగును. నిదానముగా పెరుగుటచేతనే అంత చేవ వచ్చును. ఆ చేవకై దొంగతనముగా నఱకుటచేత ఈ చెట్టు అపాయములో పడినది. 1995 నుండి దాని అంతర్జాతీయ వ్యాపారము సైటీస్ ఒడంబడిక నియమములకు లోబడియున్నది.

ఈ అడవి చిన్నకఱ్ఱతోనే ఉదయగిరి పనివారు చెంచాలు, గరిటెలు, ఫోర్కులు చెక్కుచున్నారు. ఉదయగిరి చెక్కచెంచాలకు భౌగోళిక గుర్తింపు లభించినది. కొండ పచ్చగ ఉండుట ఆ చేతిపనికి గూడ ప్రాణము.

కోనలలోనికి దిగినచో దృశ్యము ఒక్కసారిగా మాఱును. మద్ది, నేరేడు, మామిడి, వెదురు గుబురుగా నిలిచి వేసవిలోను నీడనిచ్చును. ఎత్తు ఒక్కటియే అడవిని నిర్ణయింపదని, నీరు దానితో చేరి తీర్పు చెప్పునని కోన తెలుపుచున్నది. శిఖరభాగమున మన్ను పలుచన, గాలి బలము. అందుచే అచ్చటి చెట్లు పొట్టివై వంకరలు తిరిగియుండును. వాటి నడుమ గడ్డి పెరుగును.

మృగములు ఒక అంతస్తునకు కట్టుబడియుండవు. ఎలుగుబంటి పగలు పైనున్న రాతిగుహలలో పండుకొని, ప్రొద్దుక్రుంకిన పిదప క్రిందికి దిగును. చెదపుట్టలను త్రవ్వును. రేగు, నేరేడు, తునికి పండ్లు మేయును. మఱునాడు అది పైన విడిచిన పేడలో ఆ గింజలు మొలకెత్తును. ఈ విధముగా అడవి తన విత్తనములను కొండపైకి ఎక్కించుకొనుచున్నది. కణుజు, దుప్పి, అడవిపంది, ముళ్లపంది, కొండముచ్చు, చిరుతపులి ఈ కొండల వాసులు. నాలుగు కొమ్ములు గల కొండగొఱ్ఱె ప్రపంచములో భారతదేశమున, నేపాలమున తప్ప లేదు. అది తఱచు నీరు త్రాగవలసిన జంతువు గనుక నీటికి దూరముగా పోదు. వేసవిలో కోన ఎండినచో మొదట కనుమఱుగగునది అదియే.

ఆత్మకూరునకు దక్షిణపు దిక్కున, పెంచలకోన పరిసరములలోని అడవులను 1997లో శ్రీ పెనుశిల నరసింహ అభయారణ్యముగా ప్రకటించిరి. దాని విస్తీర్ణము సుమారు 1,030 చదరపు కిలోమీటర్లు. వెలికొండల రెండు వైపుల వాలులును అందులో చేరియున్నవి. ఇది మంచి ఏర్పాటు. నీటికి, ఎలుగుబంటికి జిల్లాల హద్దులు తెలియవు గదా.

చులకనయైన చిట్టడవి

కొండ ఎక్కబోవువారు సామాన్యముగా పాదమందలి ముండ్లపొదలను త్వరగా దాటిపోవుదురు. అది పనికిమాలిన నేలయని పలువురి అభిప్రాయము. ఆ అభిప్రాయము ఎంత పొరపాటో ఒక పక్షి తెలియజేసినది.

1840 ప్రాంతములో నెల్లూరున థామస్ జెర్డన్ అను వైద్యుడు సివిల్ సర్జనుగా పనిచేసెను. ఆయనకు పక్షులన్నను, చీమలన్నను, పాములన్నను అమితాసక్తి. ఈ సీమ యానాదుల అడవి జ్ఞానమును ఆయన ఎంతో వినియోగించుకొనెను. రాతికొండలపై నివసించు పసుపుగొంతు పికిలిపిట్టను శాస్త్రలోకమునకు తెలిపినవాడు ఆయనయే. ఆయన సేకరించిన మఱొక పక్షి 1848లో శాస్త్రలోకమున ప్రకటింపబడినది. నెల్లూరు, కడప సీమల కొండప్రాంతము దాని నివాసము. రొమ్ముపై రెండు గోధుమ పట్టీలు గల ఆ పక్షి రాత్రివేళ పొదల నడుమ నేలపై పరుగిడుచు పురుగులను ఏఱుకొని తినును. కలివిపొదలలో తిరుగుటచేత తెలుగువారు దానిని కలివికోడి యందురు.

1900 తరువాత కలివికోడి ఎవ్వరికిని కనబడలేదు. అది నశించినదనియే శాస్త్రజ్ఞులు తలచిరి. 1986లో బొంబాయి ప్రకృతి చరిత్ర సంఘమువారు స్థానికుల సహాయముతో వెలికొండలకు ఆవలివైపున, కడప సీమలోని సిద్ధవటము ప్రాంతమున దానిని మఱల కనుగొనిరి. ఎనుబదియాఱు సంవత్సరములు పండితులకు కనబడని పక్షి అడవి ప్రక్కన నివసించువారికి తెలిసియేయున్నది! దాని రక్షణకై 1988లో శ్రీ లంకమల్లేశ్వర అభయారణ్యము ఏర్పడినది. 2005లో తెలుగుగంగ కాలువ త్రవ్వకము ఆ పక్షి నివాసమునకు అడ్డు రాగా, అభ్యంతరముల పిమ్మట కాలువ మార్గమును మార్చిరి.

కలివికోడి దట్టమైన అడవిలో ఉండదు. వట్టి మైదానమున నుండదు. పొదకు పొదకు మధ్య నేల కనబడునట్టి పలుచని చిట్టడవియే దానికి కావలెను. పొదలను కట్టెలకై నఱికినను నష్టమే. మంచిపని యని తలచి దట్టముగా చెట్లు నాటినను నష్టమే. ఒక్కొక్క అంతస్తును దాని స్వభావమునుబట్టి కాపాడవలెను.

ఎక్కువారు ఎఱుగవలసినవి

వానలు వెనుదిరిగిన డిసెంబరు చివర నుండి ఫిబ్రవరి వఱకు ఈ కొండలను చూచుటకు అనువైన కాలము. అప్పుడు దొనలలో నీరుండును, గాలి తేటగా ఉండును, ఎండ ఓర్వదగియుండును. నవంబరులో వాగులు ఒక్కసారిగా పొంగవచ్చును. ఏప్రిలు, మే నెలలలో వడదెబ్బ భయము కలదు.

1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టము ప్రకారము అభయారణ్యములోనికి పోవుటకు అటవీశాఖ అనుమతి అవసరము. కోటవైపు పోవువారు గూడ స్థానిక అటవీ అధికారులకు ముందుగా తెలిపి, దారి తెలిసిన స్థానికుని వెంటగొనిపోవుట మేలు. ఉషస్సునందు, సంధ్యయందు ఎలుగుబంటి తిరుగు వేళ. అది మనిషిని వేటాడదు. కాని హఠాత్తుగా ఎదురైనచో భయముతో మీద పడును. కావున పొదలు దట్టముగానున్నచోట మెల్లగా మాటలాడుకొనుచు నడుచుట మంచిది. విశాలమైన చోట్ల మాత్రము మౌనమే ఎక్కువ చూపును. కొండముచ్చు ఒక్కసారిగా హెచ్చరికగా అఱచినచో చిరుతపులి సమీపమున ఉండవచ్చును. జంతువు కనబడకున్నను త్రవ్విన పుట్ట, గోళ్ల గీతలు, పేడలోని గింజలు, తడిమన్నుపై అడుగుజాడ చదువదగిన అక్షరములే.

దొనయొద్ద విశ్రమింపవచ్చును గాని ఎక్కువసేపు కూర్చుండరాదు. మనుష్యులు కదలిన పిదపనే దప్పిగొన్న జంతువు వచ్చును. ఆ నీటిలో సబ్బు కలుపరాదు. నిప్పు మాత్రము ఎట్టి పరిస్థితిలోను కూడదు. ఫిబ్రవరి తరువాత కొండంతయు ఎండుగడ్డి. ఆర్పకవిడిచిన బీడీముక్క ఒక్కటి చాలును. మంట చెట్లను చంపకపోయినను నేలపైని ఆకుపఱుపును కాల్చివేయును. అది కాలినచో రాబోవు అక్టోబరు వాన ఇంకదు. అనగా వేసవిలో జరిగిన అపరాధమునకు దండన మఱుసటి వేసవిలో, క్రిందనున్న బావులలో కనబడును.

బడిపిల్లలను తీసికొనిపోవు ఉపాధ్యాయుడు ఒక పట్టికను సిద్ధము చేసికొనవలెను. ప్రతి 500 అడుగుల ఎత్తున నీడలో ఉష్ణోగ్రత, రాలిన ఆకుల మందము, ముఖ్యమైన మూడు చెట్ల పేర్లు, వినబడిన పక్షుల సంఖ్య వ్రాయింపవలెను. ఒకే దారిని ఏటేట ఒకే మాసములో ఇట్లు పరీక్షించినచో పదేండ్లలో ఆ బడి యొద్ద విలువైన శాస్త్రీయాధారము చేరును. ఖరీదైన పరికరము లేవియు అక్కఱలేదు.

క్రిందివారి సొత్తు

కొండ పైభాగము నిర్జనమైనది. అందుచే అది ఎవ్వరిది కాదని తోచును. కాని అచ్చట ఈశాన్యపు గాలి విడిచిన నీరు ఆకులలో ఆగి, నెఱ్ఱెలలో ఇంకి, కోనలో వెలువడి, కొండగొఱ్ఱెకు దప్పి తీర్చి, చిట్టడవిని తడిపి, చివరకు మెట్టరైతు బావిలో చేరుచున్నది. ఈ గొలుసులో ఏ కొక్కెము తెగినను తక్కినవి నిలువవు. శిఖరమును కాపాడి పాదమును విడిచినచో కలివికోడి పోవును. పాదమును కాపాడి వాలును కాల్చినచో కోన ఎండును. కోన ఎండినచో ఊరు ఎండును.

ఉదయగిరి యనగా ఉదయించు సూర్యుని కొండ. ఆ దుర్గము ఒకప్పుడు రాజులకు కావలి కోటగా నుండెను. నేడు అది, దాని చుట్టునున్న వెలికొండలు, ఉదయగిరి ఆత్మకూరు మెట్టసీమకు నీటి కోటలు. ముట్టడి ఇంకను ఆగలేదు. గొడ్డలి, నిప్పు, అజ్ఞానము నేటి శత్రువులు. వీటిలో మూడవదానిని జయించుట ఉపాధ్యాయుని చేతిలోని పని. అది ఓడినచో తక్కిన రెండును సగము ఓడినట్లే.